బొమ్మపెట్టెకు అరువుగొంతుక

1939వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన న్యూయార్కు నగరమున ప్రపంచ ప్రదర్శనము ప్రారంభమయ్యెను. అధ్యక్షుడు రూజ్వెల్టు ఉపన్యసించుచుండగా ఆ దృశ్యమును ఎన్.బి.సి. సంస్థ టెలివిజన్ ద్వారా ప్రసారము చేసెను. అమెరికాలో క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారములకు అదియే నాంది. ఆ వేడుకతోబాటు ఆర్.సి.ఎ. కంపెనీవారు కొన్ని సెట్టులను అమ్మకమునకు పెట్టిరి. వానిలో పెద్దదాని వెల 600 డాలర్లు. చిన్నదానికి టి.టి.-5 అని పేరు. వెల 199 డాలర్ల 50 సెంట్లు. దాని తెర ఐదంగుళములది. బల్లపై నుంచదగిన ఆ పెట్టెలో బొమ్మ కలదు. గొంతు మాత్రము లేదు.

ధ్వనిని ఆకాశమునుండి గ్రహించు భాగము దానిలో నుండెను. కాని ఆ ధ్వనిని పెంచు యాంప్లిఫయరుగాని, వినిపించు లౌడుస్పీకరుగాని లేవు. పెట్టెనుండి వచ్చు తీగను ఇంటిలోని రేడియో వెనుక గ్రామఫోనుకై అమర్చిన సాకెట్టులో గ్రుచ్చవలెను. బొమ్మ ఇక్కడ, మాట అక్కడ. నేడు మనము టెలివిజన్ ధ్వనిని వేరొక యాంప్లిఫయరునకు కలిపి అదియేదో క్రొత్త సంగతి యనుకొందుము గాని, ఆ పని టెలివిజన్‌తోనే పుట్టినది.

మంచి రేడియో అప్పటికే ఇంటిలో నుండగా రెండవ లౌడుస్పీకరునకు డబ్బు పోయుట ఎందుకు? ఇది కొనువాని లెక్క. అమ్మువాని లెక్క వేరు. టెలివిజన్ రానున్నదని విన్నవాడు రేడియో కొనుట వాయిదా వేయునేమో యని కంపెనీలకు భయము. అందుచే ఆ కాలపు అమెరికా రేడియోలు పెక్కింటిపై 'టెలివిజన్' అని వ్రాసిన మీటయో, సాకెట్టో కనబడుచుండెను. యుద్ధము వచ్చి సెట్టుల తయారీ నిలిచిపోగా, ఆ సాకెట్టులలో చాలవరకు అట్లే ఖాళీగా నుండిపోయినవి.

యుద్ధానంతరము వచ్చిన సెట్టులకు సొంతగొంతు అమరినది. అయితే అది బక్కగొంతు. దుకాణములో నిలబడినవాడు తెరను చూచి కొనును గాని చెవి యొగ్గి కొనడు. పెట్టెనంతయు గాజుగొట్టమే ఆక్రమించగా, చిన్న లౌడుస్పీకరును ఏ ప్రక్కగోడకో తగిలించిరి. వింత యేమనగా, ప్రసారకేంద్రము పంపుచున్న ధ్వని మాత్రము మేలైనది. 1936 నవంబరు 2న లండనులో ప్రారంభమైన బి.బి.సి. టెలివిజన్ తన ధ్వనిని 41.5 మెగాసైకిళ్లపై పంపెను. మీడియం వేవ్ కేంద్రములవలె ఇరుగుపొరుగుతో ఒరసికొనుచు తన ధ్వనిని కుదించుకొనవలసిన అగత్యము దానికి లేదు. ఇంటికప్పుపై ఏరియలువరకు వచ్చిన శ్రావ్యత, ఆ ప్రక్కగోడ లౌడుస్పీకరుకడ వృథా యగుచుండెను. 1947లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో డి.టి.ఎన్. విలియమ్సన్ ప్రకటించిన యాంప్లిఫయరును స్వహస్తములతో కట్టుకొన్నవారికి ఇది సహింపరాని విషయము. ఒక్క తీగ లాగిన చాలును గదా యనుకొనిరి.

ఆ ఒక్క తీగలోనే మృత్యువు పొంచియుండెను.

పెద్ద ట్రాన్సుఫార్మరు బరువు, ఖరీదు కూడ, అదిగాక డి.సి. కరెంటు గల వీధులలో అది పనిచేయదు. కనుక తయారీదారులు పెక్కురు దానిని విడిచి, వీధి కరెంటు తీగలలో ఒకదానిని సెట్టులోని లోహపు చట్రమునకే నేరుగా కలిపిరి. రెండు ముళ్ల ప్లగ్గును తిరగవేసి గ్రుచ్చినచో చట్రమంతయు 230 వోల్టులతో నిండును. తరువాతి రంగుల సెట్టులు అనేకములలో ప్లగ్గును ఎట్లు గ్రుచ్చినను ఆ ప్రమాదము తప్పలేదు. మీటలు బేకలైటువి, వెనుకమూత అట్టది. వానిని విప్పనంతకాలము ఇంటివారికి హాని లేదు. కాని చట్రమునుండి ఒక తీగను తెచ్చి యాంప్లిఫయరునకు కలిపిననాడు, ఆ వోల్టులు దాని లోహపు పెట్టెకును, గ్రామఫోను చేతికిని, పాటకై చేయిచాచిన పసివాని వ్రేలికిని చేరును. యాంప్లిఫయరునకు ఎర్తు ఉన్నచో ఫ్యూజు కాలి బ్రదుకుదుము. లేనిచో చెప్పువారు మిగులరు.

మా మేనమామగారు హైదరాబాదులో తమ పాత టెలివిజన్‌ను వాల్వు రేడియో వెనుకనున్న 'పికప్' సాకెట్టునకు కలుపబూనిరి. వీధిచివరి రేడియో మెకానిక్కు వచ్చి, తీగను ముట్టక ముందుగా చట్రముపై టెస్టరు మోపెను. టెస్టరులో ఎర్రదీపము వెలిగెను. "అయ్యగారూ, ఇది పాట కాదు, పాము" అని అతడు తీగను చుట్టి అటకమీద పెట్టించెను. మామగారికి ఆ సాయంకాలమంతయు కోపమే.

ప్రమాదములేని ఉపాయములు లేకపోలేదు. వీధి కరెంటునకు, సెట్టునకు నడుమ ఐసొలేషన్ ట్రాన్సుఫార్మరు ఉంచుట యొకటి. టెలివిజన్ జోలికే పోక, ధ్వనిని మాత్రమే పట్టు ప్రత్యేక రిసీవరును కొనుట మరియొకటి. రెండును ఖర్చుతో కూడినవే.

ప్రాణము దక్కినను చెవికి సుఖము దక్కునన్న నమ్మకము లేదు. బొమ్మను మోయు తరంగమునకు, ధ్వనిని మోయు తరంగమునకు గల ఎడమునుండియే ధ్వనిని తీయు పద్ధతి ఆ కాలమున వ్యాపించెను. ఆ ఎడము అమెరికాలో 4.5 మెగాసైకిళ్లు, మన దేశమున 5.5. ఇందువలన సెట్టు చౌక యయ్యెను గాని బొమ్మ ధ్వనిలోనికి చొరబడెను. తెరపై తెల్లని పెద్ద అక్షరములు పడినపుడెల్ల లౌడుస్పీకరులో తుమ్మెద రొద! చిన్న లౌడుస్పీకరు దాచిన ఆ దోషమును పెద్ద యాంప్లిఫయరు నలుగురి యెదుట బయటపెట్టెడిది.

ఇట్టి స్థితిలో టెలివిజన్‌ను ఆదుకొన్నది రేడియోయే. 1977 మార్చి 15న న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపేరా నుండి 'లా బొహెమ్' నాటకమును టెలివిజన్ చూపుచుండగా, అదే వేళకు ఎఫ్.ఎం. రేడియోలు దానిని స్టీరియోలో వినిపించెను. ప్రేక్షకులు టెలివిజన్ గొంతు నొక్కి రేడియో గొంతు పెంచిరి. ఏ తీగయు అక్కరలేకపోయెను. మన దేశమున 1976 ఏప్రిల్ 1 వరకు టెలివిజన్ ఆకాశవాణిలో భాగమే. ఆ మరుసటి యేడు అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసెను. స్టీరియో కొరకు కాకున్నను, క్రికెట్టు నాడు బొమ్మను తెరపై చూచుచు వ్యాఖ్యానమును రేడియోలో వినుట మాకును అలవాటే. అది పొదుపు కాదు. రేడియో వ్యాఖ్యాత చెప్పినట్లు మరియొకరు చెప్పలేరని మా పక్షపాతము.

జపానులో 1978లోను, పశ్చిమ జర్మనీలో 1981లోను, అమెరికాలో 1984లోను టెలివిజన్‌కే స్టీరియో వచ్చెను. ఫ్రాన్సులో 1980 నుండి ప్రతి క్రొత్త సెట్టునకును 21 ముళ్ల సాకెట్టు తప్పనిసరి యయ్యెను. బయట సాకెట్టు పెట్టవలెనన్నచో లోపలి చట్రమును వీధి కరెంటునుండి వేరుచేయక తప్పదు. సంగీతప్రియులు ముప్పదియేండ్లు మొరపెట్టినను పూర్తిగా జరుగని ఆ పనిని వీడియో రికార్డరుల బేరము కొలది యేండ్లలో జరిపించెను. 1983లో తోషిబా కంపెనీవారు సన్నని నారగుండ ధ్వనిని కాంతిరూపమున పంపు తీగను తెచ్చిరి. రాగి స్పర్శయే లేనందున దానిగుండ వోల్టులు పారవు; తీగవెంట హోరు రాదు. ఆనాడు అదియే దొరకియున్నచో మామగారికి కోపము వచ్చియుండెడిది కాదు.

2009లో హెచ్.డి.ఎం.ఐ. తీగకు క్రొత్త నియమము చేరెను. బొమ్మను టెలివిజన్‌కు తెచ్చు తీగయే ధ్వనిని తిరిగి యాంప్లిఫయరునకు కొనిపోవును. ఈలోగా సెట్టులు పలుచనై, లౌడుస్పీకరులు అడుగునకో వెనుకకో జారినవి. కొనిననాడే సౌండుబారు కూడ కొనుడని అంగడివాడు చెప్పుచున్నాడు. బొమ్మను సవరించుటకు సెట్టు కొంత వ్యవధి తీసికొనును గనుక, వేరుగా పోయిన మాట ఒక్కొక్కప్పుడు పెదవికంటె ముందు వినబడును. అందుకే యాంప్లిఫయరులో మాటను కొన్ని మిల్లీసెకనులు ఆపు మీట యుండును. వార్తలు చదువువారి పెదవులను చూచుచు దానిని కొద్దికొద్దిగా జరుపవలెను.