బాకాలు మ్రోగిన వేసవులు

ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. మన శాఖ చరిత్ర నాకంటె బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలో పలువురున్నారు. వారు ఆ పని చక్కగా చేయగలరు. అందుచేత నేను మన సభ్యులకు అంతగా పరిచయం లేని విషయం ఒకటి ఎంచుకున్నాను. అమెరికాలో ఒకప్పుడు ఊరూరా, పేటపేటా వెలసి, ఇప్పుడు చాలావరకు కనుమరుగైపోయిన బాకా, డ్రమ్ము దళాల కథ ఇది.

పదవీ విరమణ తరువాత న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర కొన్ని దఫాలు నెలల తరబడి గడిపాను. మనలో చాలామందికి అక్కడి రోజులెలా గడుస్తాయో తెలిసినదే. పగలంతా కిటికీలో నుంచి చూడడం, సాయంకాలం నడక. ఆ నడకలోనే పక్క వీధిలో ఉండే ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి నాకు మిత్రులయ్యారు. మనవలను గూర్చి, పెన్షను గూర్చి, మోకాళ్ళ నొప్పులను గూర్చి మాట్లాడుకున్నాక, ఒకనాడు ఆయన తాను 1960లలో బాకా వాయించిన సంగతి చెప్పారు. ఆనాటి నుంచి మా సంభాషణ వేరే దిక్కుకు పోలేదు. ఆయన చెప్పగా విన్నదీ, ఆపైన నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ మనవి చేస్తున్నాను.

యుద్ధం మిగిల్చిన బాకాలు

వీటిని అక్కడ 'డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్' అంటారు. కోర్ అంటే దళం. పోలీసు పెరేడు మైదానంలోనో, ఎన్.సి.సి. శిబిరంలోనో మనమంతా బ్యూగిల్ విన్నవారమే. ఆ బ్యూగిల్సు కొన్ని పదులు, వాటికి తోడు సైడ్ డ్రమ్ములు, పెద్ద డ్రమ్ములు, తాళాలు, ముందు జెండాలు పట్టిన పటాలం. అంతా కలసి మైదానంలో కవాతు చేస్తూ, రకరకాల ఆకారాలలోకి మారుతూ వాయించాలి. వేణువులు, క్లారినెట్లు ఉండవు. బడి బ్యాండుకూ దీనికీ మొదటి తేడా అదే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు చేరాక, 1919లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం ఏర్పడింది. అంతకు ముందు నుంచే, 1899 నాటి మూలాలతో, వి.ఎఫ్.డబ్ల్యు. అనే మరొక మాజీ సైనికుల సంఘం ఉన్నది. సైన్యంలో బాకా ఊదినవారు, డ్రమ్ము కొట్టినవారు ఈ సంఘాల శాఖలలో దళాలుగా ఏర్పడ్డారు. 1921 నుంచే లీజియన్ మహాసభలలో జాతీయ పోటీలు మొదలయ్యాయి. తరువాత ఆ పెద్దలు తమ పిల్లల కోసం దళాలు పెట్టించారు. చర్చిలు, స్కౌటు దళాలు, బాలుర సంఘాలు కూడా ముందుకు వచ్చాయి. మన వలెనే వారిదీ ఒక విశ్రాంతుల సంఘమే గదా! యుద్ధం నుంచి విశ్రాంతి పొందినవారు చందాలు వేసుకొని పిల్లలకు బాకాలు కొనిపెట్టారన్న మాట.

న్యూజెర్సీలోని గార్ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో 1934లో హోలీ నేమ్ చర్చి పిల్లలతో ఒక దళం పుట్టింది. అదే తరువాత గార్ఫీల్డ్ కేడెట్స్‌గా దేశమంతటా పేరు పొందింది. న్యూవార్క్‌లో బ్లెస్డ్ సాక్రమెంట్ చర్చి వారి గోల్డెన్ నైట్స్, బోస్టన్‌లో 1940లో వెలసిన బోస్టన్ క్రూసేడర్స్, షికాగోలో 1948లో డాన్ వారెన్ అనే కుర్రవాడు తన స్కౌటు దళం నుంచి మొదలుపెట్టిన కావలియర్స్, వయోమింగ్ రాష్ట్రంలోని కాస్పర్‌లో జిమ్ జోన్స్ 1957లో నెలకొల్పిన ట్రూపర్స్ ఆ కోవలోనివే. ఆడుబన్ అనే ఊళ్ళో ఆడపిల్లలతోనే నడచిన బాన్‌బాన్స్ దళం కూడా ఉండేది. పేర్లు వింటేనే ఏ ఊరిదో, ఏ చర్చిదో తెలిసిపోయేది.

తప్పుకు పదో వంతు

మా మిత్రుడు వాయించిన దళం చర్చి నేలమాళిగలో సాధన చేసేదట. తండ్రులు మిల్లు కూలీలు, బస్సు డ్రైవర్లు. పిల్లవాడు చేతులూపుకుంటూ వస్తే చాలు, బాకా దళానిదే, దుస్తులు దళానివే. తల్లులు ఇంటిలో కుట్టేవారు, తండ్రులు వారాంతంలో బస్సు తోలేవారు. శనివారం వస్తే పోటీ. జెర్సీ సిటీలో రూజ్‌వెల్ట్ స్టేడియంలో జరిగే 'డ్రీమ్' పోటీలో వాయించడమంటే వారికి పెద్ద పండుగ.

ఆ పోటీ విధానం వింటే మన ఆడిట్ వారు గుర్తుకు వచ్చారు నాకు. ప్రవేశించే ముందే తనిఖీ. బూటు మెరుపు తగ్గినా, గుండీ వదులైనా మార్కులు పోతాయి. తరువాత మైదానంలోకి న్యాయనిర్ణేతలు అట్టలు, పెన్సిళ్ళు పట్టుకొని పిల్లల వరుసల మధ్యకే వచ్చి చెవి ఒగ్గి నడిచేవారు. ఒక డ్రమ్ము దెబ్బ ముందు పడినా, ఒక అడుగు తప్పినా పెన్సిలుతో ఒక గీత. ఒక్కో గీతకు ఒక మార్కులో పదో వంతు కోత. దీనిని 'టిక్' పద్ధతి అనేవారు. అంటే పూర్తి మార్కులతో మొదలై, తప్పులు పోగా మిగిలినది నీది. పది పదమూడు నిమిషాల ప్రదర్శన కోసం ఏడాది పొడుగునా ఒకే నాలుగైదు పాటలు సాధన చేసేవారంటే ఆశ్చర్యం లేదు. ఈ పద్ధతి 1983 వరకు సాగి, 1984లో పోయింది. ఆపైన తప్పులు లెక్కించడం మాని, చేసిన మేలును బట్టి మార్కులు కూడబెట్టడం వచ్చింది.

బాకా విషయం కూడా చెప్పాలి. మామూలు బ్యూగిల్‌కు మీటలుండవు. పెదవుల బిగింపు మార్చి ఊదితే ఏ అయిదారు స్వరాలో పలుకుతాయి. పోటీల కోసం దానికి అడ్డంగా ఒక మీట చేర్చారు. అప్పటికీ స్వరసప్తకం పూర్తి కాదు. లేని స్వరాలను తప్పించుకుంటూ, ఉన్నవాటిని చిన్న బాకాలకూ పెద్ద బాకాలకూ పంచుతూ పాటను అల్లడం ఒక విద్య. రెండు మీటలు నిలువుగా వచ్చినది 1977లో, మూడవ మీటకు అనుమతి దొరికినది 1990లో. 2000 సంవత్సరం నుంచి ఏ శ్రుతిలోని ఇత్తడి వాద్యమైనా పనికివస్తుందన్నారు. 2004లో మైకులు, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలు కూడా ప్రవేశించాయి. ఆ పాత జి శ్రుతి బాకాల నాదం మళ్ళీ రాదని మా మిత్రుడి బాధ. నూరు బాకాలు ఒక్కసారి ప్రేక్షకుల వైపు తిరిగి ఊదితే చొక్కా రెపరెపలాడేదని ఆయన చేత్తో చూపించేవారు.

పిల్లలు పెద్దల మాట దాటిన ఏడు

ఈ కథలో ముఖ్యమైన మలుపు 1971. అప్పటికి వియత్నాం యుద్ధం సాగుతున్నది. నియమాలు మాజీ సైనికుల సంఘాలవి. జాతీయ జెండా ఎలా మోయాలి, ఎంతసేపు కదులుతూ ఉండాలి అన్నది అంతా వారి నిర్ణయమే. టిక్కెట్ల మీద వచ్చిన సొమ్ములో దళాలకు దక్కేది స్వల్పం. ఆ ఏడు గార్ఫీల్డ్ కేడెట్స్ పిల్లలు యుద్ధం వద్దన్న భావంతో మైదానంలో శాంతి చిహ్నం ఆకారంలో నిలబడ్డారు. షికాగో కావలియర్స్ సర్కసు వేషాలు కట్టారు. మాజీ సైనికుల పోటీలలో పెరిగిన పిల్లలే ఈ పని చేశారంటే, కాలం ఎంత మారిందో ఊహించుకోవచ్చు.

మధ్య పశ్చిమ ప్రాంతపు దళాలు కొన్ని, తూర్పు తీరపు దళాలు కొన్ని వేరువేరుగా జట్లు కట్టి, చివరకు ఒక్కటై తమ సొంత సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. అదే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్. జిమ్ జోన్స్, డాన్ వారెన్ దానికి ముందు నిలచినవారిలో ఉన్నారు. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్ అనే చిన్న ఊళ్ళో జరిగింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. దళాలు తమ కష్టానికి తామే యజమానులయ్యాయి. సంఘంగా కూడితే ఏమి సాధించవచ్చో మన సభ్యులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

గెలిచిన తరువాత

ఆ గెలుపుతోనే ఖర్చు కూడా వచ్చింది. నియమాలు సడలేసరికి కళ పెరిగింది. సంగీతం పెరిగింది, అల్లిక పెరిగింది, టెలివిజన్ ప్రసారాలు వచ్చాయి. దానితో వేసవి అంతా దేశం చుట్టి పోటీలకు తిరగాలి. బస్సులు, వంట లారీలు, జీతాలు పుచ్చుకునే శిక్షకులు కావాలి. 1970లలో పెట్రోలు ధరలు మండాయి. చర్చిల ఆదాయం తగ్గింది, జనం నగరాలు వదలి శివార్లకు పోయారు, బడులలో బ్యాండులు పెరిగాయి. 1970లలో వందల సంఖ్యలో ఉన్న దళాలు ఇప్పుడు కొన్ని డజన్లు మాత్రమే. వేసవి అంతా తిరిగే పెద్ద దళంలో చేరాలంటే నేడు పిల్లవాడే వేల డాలర్లు కట్టుకోవాలి. వయసు పరిమితి నియమం కూడా ఉన్నది.

మా మిత్రుడిని నేను ఒకసారి సూటిగానే అడిగాను, నేటి పిల్లలు బాగా వాయించడం లేదా అని. తమకంటె పదిరెట్లు బాగా వాయిస్తారని వెంటనే ఒప్పుకున్నారు. వారి దళం నేటి పోటీకి వస్తే మొదటి రౌండులోనే ఇంటికి పంపేస్తారట. మరి బాధ దేనికండీ అంటే, తన వంటి పిల్లవాడు ఈనాడు ఆ దళంలో ఉండడు అన్నారు. మిల్లు కూలీ కొడుకు వీధి చివర చర్చికి నడిచి వెళ్ళి, పైసా కట్టకుండా బాకా అందుకునే రోజు పోయింది. పాతవారు పోయినదని చెప్పేది ఆ నాదం మాత్రమే కాదని నాకు అప్పుడు బోధపడింది. కళ ఎత్తు పెరిగింది, గుమ్మం ఇరుకైంది.

ఆ రోజులన్నీ బంగారమే అనుకోవడం కూడా సరికాదు. చాలా దళాలలో ఆడపిల్లలకు చోటుండేది కాదు. పిల్లలపై పెద్దలకున్న అధికారాన్ని అడిగేవారు లేరు. తొంభై ఏళ్ళ చరిత్ర గల కేడెట్స్ దళం 2024లో మూతబడింది. 1980ల నాటి లైంగిక అకృత్యంపై వచ్చిన ఆరోపణతో పడిన దావా, దానితో వచ్చిన ఆర్థిక భారం అందుకు కారణమయ్యాయి. పాత జ్ఞాపకాలలో ఆ లెక్క కూడా వ్రాసుకోవాలి. ఈ మాట నేను ఎత్తకముందే మా మిత్రుడే ఎత్తారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

మిగిలినవారు

దళాలు పోయినా మనుషులు పోలేదు. మసాచుసెట్స్‌లోని రివీర్ పట్టణపు ట్వంటీసెవెంత్ లాన్సర్స్ 1986లో మూతబడింది. 1994లో ఛాంపియన్‌షిప్ తమ రాష్ట్రానికి వచ్చినప్పుడు పాత సభ్యులు మళ్ళీ కూడి సాధన చేసి మైదానంలో వాయించారు. తల నెరసినవారు, పొట్ట పెరిగినవారు, అందరూ. అలాగే పలు పాత దళాల సభ్యులు పూర్వ విద్యార్థుల దళాలు పెట్టుకున్నారు. ఎవరు ఏ ఏడు ఏ బాకా వాయించారో, ఏ పోటీలో ఎన్ని మార్కులు వచ్చాయో దశాంశాలతో సహా వ్రాసి దాచుకున్నారు.

సంస్థ స్థాపకులలో ఒకటైన బోస్టన్ క్రూసేడర్స్ దళానికి ఆ ఛాంపియన్‌షిప్ దశాబ్దాలపాటు అందలేదు. పుట్టిన 85 ఏళ్ళకు, 2025 ఆగస్టులో ఇండియానాపొలిస్‌లో తొలిసారిగా గెలిచింది. ఆ రాత్రి మా మిత్రుడు ఫోను చేశారు. బోస్టన్ దళం ఆయనది కాదు, ఆ రోజుల్లో వారి ప్రత్యర్థి. అయినా గొంతు పూడిపోయింది. ఆనాటి పేటల దళాలలో ఒకటైనా నిలబడి గెలిచింది గదా అన్నారు.

చివరగా సభ్యులకు ఒక విన్నపం. మనలోనూ రైల్వే కాలనీ బ్యాండులోనో, ఎన్.సి.సి. బ్యాండులోనో, పోలీసు బ్యాండులోనో, బడి బ్యాండులోనో బాకా ఊదినవారు, డ్రమ్ము కొట్టినవారు తప్పక ఉంటారు. మా కాలనీ బడిలోనూ ఒక బ్యాండు ఉండేది. ఎవరు నేర్పారో, ఎప్పుడు ఆగిపోయిందో ఇప్పుడు చెప్పగలవారు ఇద్దరు ముగ్గురికి మించి లేరు. అమెరికా వారు వ్రాసి పెట్టుకున్నారు కనుకనే నేను ఇంత దూరం నుంచి ఈ వ్యాసం వ్రాయగలిగాను. మీ బ్యాండు ఏ ఊరిదో, నేర్పిన మాస్టారు ఎవరో, వాద్యాలు ఎవరు కొనిపెట్టారో, ఒక కాగితం మీద వ్రాసి సంఘ కార్యాలయానికి పంపండి. పాత ఫోటో ఉంటే వెనుక పేర్లు వ్రాసి జతచేయండి. వచ్చే సంచికలో అచ్చువేయమని సంపాదకవర్గం వారిని నేను అడుగుతాను.