ముందు నకలు

పల్నాటి కైఫీయతుల స్కాన్లున్న నా హార్డ్ డిస్కు టకటకమంటుంటే, పిడుగురాళ్లలో బాగుచేసే కుర్రాడు “వెతకడం తర్వాతండీ, ముందు వచ్చినంతా ఇంకో డిస్కులోకి దించాలి” అన్నాడు. సి.పి. బ్రౌన్ చేసిందీ అదే. కాలిన్ మెకంజీ ఊరూరా రాయించిన ఆ గ్రామ వృత్తాంతాలు, 1821లో ఆయన పోయాక, మద్రాసులో శిథిలమవుతుంటే బ్రౌన్ తిరగరాయించాడు. ‘లోకల్ రికార్డ్స్’ సంపుటాలు అవే.

ఒక్క తేడా. చదవలేని సెక్టారును రెస్క్యూ సాఫ్ట్‌వేర్ ఖాళీగా వదిలి, ఎక్కడ వదిలిందో విడిగా రాసిపెట్టుకుంటుంది. తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. మరి పురుగు తిన్న అక్షరం దగ్గర లేఖకుడు ఏం చేశాడు? ఖాళీ వదిలాడా, ఊహించి పూరించాడా? (పూరించాలనే దురద ఎలాంటిదో నాకు తెలుసు.) అందుకే కైఫీయతులో ఏదైనా తేదీ మరీ కుదురుగా కనిపిస్తే, ఆ ఊళ్లో శాసనం ఉందేమో వెతికి, పోల్చి చూసుకుంటాను.