కోవిడ్ వేళ ఆసుపత్రి సిబ్బంది మానసిక భారం: బిలాస్‌పూర్ రైల్వే పట్టణం నేపథ్యంగా

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. 2003 ఏప్రిల్‌లో ఈ జోన్ పనిచేయడం మొదలుపెట్టక ముందు నుంచే అది రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తూర్పు, మధ్య భారతాల్లో మార్గాలు విస్తరించిన కాలంలో ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్‌లకు వెళ్లినట్లే ఇక్కడికీ తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డాయి. నేటికీ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపిస్తుంది.

ఇలాంటి పట్టణంలో రైల్వే ఆసుపత్రి అంటే పరిచయస్థుల ఆసుపత్రి. అక్కడ చికిత్స పొందేవారిలో అత్యధికులు రైల్వే ఉద్యోగులు, పింఛనుదారులు, వారి కుటుంబ సభ్యులే. నర్సు ముందున్న రోగి పక్క క్వార్టర్‌లోని లోకో పైలట్ కావచ్చు, ఏళ్ల తరబడి నెలనెలా రక్తపోటు మాత్రల కోసం వచ్చే విశ్రాంత గార్డు కావచ్చు. మామూలు రోజుల్లో ఈ చనువు వైద్యానికి బలం. రోగి చరిత్ర కాగితం చూడకుండానే తెలుస్తుంది. మందు వేసుకోకపోతే చొరవగా మందలించవచ్చు. మహమ్మారి కాలంలో ఆ చనువే బరువుగా మారే అవకాశం ఉంది. పేరు తెలియని రోగి మరణం ఒక రకం, డ్యూటీ ముగిశాక అదే కాలనీకి వెళ్లి అతని ఇంటి ముందు నుంచి నడవవలసి రావడం మరో రకం.

2021లో భారతీయ రైల్వేలో 12 లక్షలకు పైగా ఉద్యోగులుండేవారు. 2020 మార్చి నుంచి అప్పటివరకు 1,952 మంది కోవిడ్‌తో మరణించారని, రోజుకు సుమారు వెయ్యి మందికి వ్యాధి సోకుతోందని రైల్వే బోర్డు ఛైర్మన్ సునీత్ శర్మ 2021 మే 10న వెల్లడించారు. రైళ్లు నిలిచిపోయినా సరకు రవాణా ఆగలేదు. కార్మికుల ప్రత్యేక రైళ్లు, ఆ తర్వాత ఆక్సిజన్ రైళ్లు నడిచాయి. వాటిని నడిపినవారు జబ్బుపడితే చేరవలసినది రైల్వే ఆసుపత్రిలోనే.

అలసటకు, గాయానికి తేడా

ఆసుపత్రి సిబ్బంది స్థితిని వర్ణించడానికి పత్రికలు ఎక్కువగా వాడిన మాట ‘బర్నౌట్’. న్యూయార్క్‌లోని ఒక ఉచిత చికిత్సాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దీనిని వృత్తిపరమైన పరిభాషలోకి తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో దీనికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా హరించుకుపోవడం, చేసే పనిపట్ల విముఖత లేదా నిర్లిప్తత, వృత్తి సామర్థ్యం తగ్గిందన్న భావన. అది దీనిని వ్యాధిగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా పరిగణించడం గమనార్హం. తెలుగులో ఇంకా స్థిరమైన పదం లేదు. ‘అలసట’ అంటే నిద్రతో తీరేదనిపిస్తుంది. ‘విరక్తి’ అంటే వేదాంతం ధ్వనిస్తుంది.

అయితే మహమ్మారి కాలపు అనుభవాన్ని ఈ ఒక్క మాటలో ఇమడ్చడం సరికాదు. ఏది చేయడం సరైనదో తెలిసి కూడా, సంస్థాగత పరిమితుల వల్ల దానిని చేయలేకపోయినప్పుడు కలిగే క్షోభను ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నర్సింగ్ నీతిశాస్త్రంపై రాసిన గ్రంథంలో ‘నైతిక వేదన’గా నిర్వచించారు. అది ముదిరితే కలిగే ‘నైతిక గాయం’ అనే భావన వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు చికిత్స చేసిన జొనాథన్ షే రచనల ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. అలసటకు విశ్రాంతి మందు. ఉన్న ఒక్క ఆక్సిజన్ పడకను ఇద్దరిలో ఎవరికి ఇవ్వాలో తేల్చవలసి వచ్చినవారి బాధ సెలవుతో తీరదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో దేశమంతటా ఎదురైన పరిస్థితి ఇదే. తిరుపతి రుయా ఆసుపత్రిలో మే 10 రాత్రి ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం ఏర్పడి 11 మంది మరణించారని అధికారులు ప్రకటించారు. ఢిల్లీకి తొలి ఆక్సిజన్ రైలు ఏప్రిల్ 27 తెల్లవారుజామున చేరింది. అది బయలుదేరింది బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోని రాయగఢ్ ఉక్కు కర్మాగారం నుంచే. ప్రాణవాయువు తయారయ్యే రాష్ట్రంలోనూ ఆసుపత్రులపై ఒత్తిడి తగ్గలేదు. అదే ఏప్రిల్‌లో రాయపూర్‌లోని అతిపెద్ద ప్రభుత్వ ఆసుపత్రి శవాగారం నిండిపోయి మృతదేహాలను బయట ఉంచిన దృశ్యాలు దేశాన్ని కలచివేశాయి.

గడప దగ్గర అనుమానం

వార్డులో పీపీఈ కిట్ ధరించి గంటల తరబడి నీళ్లు తాగకుండా, మరుగుదొడ్డికి వెళ్లకుండా పనిచేసినవారికి ఇంటి దగ్గర ఎదురైనది మరో పరీక్ష. ఇల్లు ఖాళీ చేయాలని యజమానులు ఒత్తిడి చేస్తున్నారంటూ ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ వైద్యులు 2020 మార్చిలోనే కేంద్రానికి లేఖ రాశారు. ఏప్రిల్‌లో చెన్నైలో, కోవిడ్‌తో కన్నుమూసిన వైద్యుల అంత్యక్రియలను స్థానికులు అడ్డుకున్నారు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో జూనియర్ వైద్యులపై దాడులు జరగడంతో, కోవిడ్ చికిత్సను ఇతర ఆసుపత్రులకూ వికేంద్రీకరించాలని కోరుతూ వారు జూన్‌లో విధులు బహిష్కరించారు. చప్పట్లు కొట్టించుకున్న మూడు నెలలకే ఈ పరిస్థితి.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ భారం అధికంగా పడినవారిలో మితానిన్‌లు ఉన్నారు. ఛత్తీస్‌గఢీ భాషలో ఈ మాటకు ‘స్నేహితురాలు’ అని అర్థం. 2002లో ఆ రాష్ట్రం మొదలుపెట్టిన ఈ పథకమే 2005లో దేశవ్యాప్త ఆశా కార్యకర్తల వ్యవస్థకు ఒరవడిగా నిలిచింది. ఇంటింటి సర్వేలకు వెళ్లి, జ్వరమున్నవారి పేరు రాసుకునే ఇలాంటి కార్యకర్తలను దేశంలో అనేకచోట్ల జనం వ్యాధి మోసుకొచ్చేవారిగా అనుమానించారు. స్నేహితురాలని పేరు పెట్టి పిలిచిన మనిషికి తలుపు వేసేయడం ఎంత బాధాకరమో వేరే చెప్పనక్కర్లేదు.

మానసిక భారం అందరిపైనా సమానంగా పడలేదు. చైనాలోని 34 ఆసుపత్రులకు చెందిన 1,257 మంది సిబ్బందిపై 2020 ఆరంభంలో జరిగిన అధ్యయనంలో 50.4 శాతం మందిలో కుంగుబాటు, 44.6 శాతం మందిలో ఆందోళన, 34 శాతం మందిలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. నర్సులు, మహిళలు, రోగులకు నేరుగా చికిత్స చేసినవారిలో ఇవి మరింత తీవ్రంగా ఉన్నాయి. మన దేశంలో దీనికి ఉద్యోగ భద్రత ప్రశ్న తోడైంది. ఛత్తీస్‌గఢ్‌లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద పనిచేసే వేలాది ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ 2020 సెప్టెంబరులో, కేసులు పెరుగుతున్న సమయంలోనే, సమ్మెకు దిగారు. రోగులను వదిలి వెళ్లారన్న విమర్శ వచ్చింది. ప్రాణాపాయం అందరిదీ, భద్రత కొందరిదే అన్న వారి వాదనను మాత్రం తోసిపుచ్చలేం.

అందిన ఆసరా

ప్రభుత్వ స్పందన ప్రధానంగా ప్రాణనష్టం, దాడుల చుట్టూ తిరిగింది. 2020 మార్చి 30 నుంచి ఆరోగ్య సిబ్బందికి రూ.50 లక్షల బీమా వర్తించింది. అది మరణానికే పరిమితం. ఏప్రిల్ 22న వచ్చిన అంటువ్యాధుల సవరణ ఆర్డినెన్స్ సిబ్బందిపై దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల వరకు జైలుశిక్ష నిర్దేశించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ‘టెలీ మానస్’ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగుతో సహా పలు భాషల్లో ఉచితంగా సలహా పొందవచ్చు. ఈ సేవ ప్రజలందరికీ ఉద్దేశించినది. రెండో ఉద్ధృతి ముగిసి ఏడాది దాటాక వచ్చింది.

నైతిక గాయం విషయంలో ఫోన్ సలహాకు ఉన్న పరిమితి స్పష్టమే. వార్డులో ఎంచుకోవలసిన పరిస్థితిని తప్పించేది పడకలు, సిబ్బంది, ఆక్సిజన్. ఆ దిశగా 2021 మేలో రైల్వే శాఖ తన ఆసుపత్రుల్లో కోవిడ్ పడకలను 2,539 నుంచి 6,972కు, వెంటిలేటర్లను 62 నుంచి 296కు పెంచినట్లు ప్రకటించింది. దేశవ్యాప్తంగా 86 రైల్వే ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు నెలకొల్పాలని నిర్ణయించింది. ఆ రోజుకు వాటిలో పనిచేస్తున్నవి 4, మంజూరైనవి 52, వివిధ దశల్లో ఉన్నవి 30.