ఆసు పోసిన చేయి, లిస్టు రాసిన చేయి

పోస్టు కొంచెం పొడుగుంటది. ఓపికగా చదవండి, చివర్ల మిమ్మల్ని ఒకటి అడుగుతా.

నాది చిట్యాల దగ్గర ఒక తండా. మా ఇంట్ల కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. నా చేతిరాత బాగుంటదని హాస్టల్ లిస్టులు రాసే పని నా మీద పడ్డది. మేం 96 మందిమి. ఆ 96 పేర్లు మెస్ రిజిస్టర్‌ల ఒకసారి, రూముల లెక్కల ఒకసారి, బస్ పాస్‌లకు ఒకసారి, పరీక్ష ఫీజుకు ఒకసారి, స్కాలర్‌షిప్‌కు ఒకసారి, ఊరికి పోయేటోళ్ల పుస్తకంల ఒకసారి రాయాలె. ఆరు చోట్ల కలిపితే 576 వరుసలు. అవే పేర్లు, అవే నంబర్లు.

పోయినేడు ఒక రాత్రి నిద్రమత్తుల రాస్తూ, ఒక తమ్ముని బ్యాంకు ఖాతా నంబర్‌ల రెండు అంకెలు అటువి ఇటు రాసిన. అందరికీ స్కాలర్‌షిప్ పైసలు పడ్డయి, ఆ తమ్మునికి నెలల తరబడి పడలే. వాళ్ల నాయన వడ్డీకి తెచ్చి ఫీజు కట్టిండు. "చదువు ఆపేసి పనికి పోతా అన్నా" అని తమ్ముడు ఒకరోజు బ్యాగు సర్దుకున్నడు. ఎందుకు పడలేదో అప్పటికి ఎవరికీ తెల్వదు. వెతికితే దొరికింది నా చేతిరాతే. తమ్ముడు నన్ను ఒక్క మాట కూడా అనలే. తిడితేనే బాగుండు అనిపించింది.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను పట్టుకున్నది. చేసిందే మళ్లీ చేసే పనిల మనిషి అలసిపోతడు, తప్పు చేస్తడు. మరి లోకం దీనికి ఏం ఉపాయం చేసుకున్నది? వెతుక్కుంట పోతే ఆ చరిత్ర మన ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే దొరికింది.

నల్గొండ నుంచి వచ్చే రైలు చిట్యాల దాటినంక రామన్నపేట, వలిగొండ మీదుగా పోతది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి మగ్గం ఊర్లు మనకు దూరమేం కాదు. ఆ చీరల మీద కనిపించే డిజైన్ నేసేటప్పుడు వచ్చేది కాదు. ముందే దారానికి ముడులు కట్టి, రంగులు అద్ది, ఆ రంగుల దారంతో నేస్తరు. ముడులు కట్టాలంటే దారాన్ని లెక్క ప్రకారం పరిచి పెట్టుకోవాలె. దాన్నే ఆసు పోయడం అంటరు. ఒక పక్క ఒక మేకు, ఎదురుంగ అర్ధచంద్రం లెక్క వరుస మేకులు. దారాన్ని ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి తిప్పాలె. ఒక చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు అట్ల ఆడాలె. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు అట్ల ఆసు పోసిన మనిషే. ఆమెకు భుజాలు, మోచేతులు విపరీతంగా నొచ్చేవి. మల్లేశం గారి చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. ఆయన ఇంజినీరింగ్ చదవలేదు, కానీ అమ్మ చేయి ఎట్ల కదులుతదో చిన్నప్పటి నుంచి చూశారు. 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. మధ్యలో చేతిల పైసలు ఐపోయినయి. హైదరాబాద్ వెళ్లి, బతుకుదెరువు పని చేసుకుంటనే యంత్రం మీద పని ఆపలేదు. 1999లో అది పూర్తయింది. అమ్మ పేరు మీదనే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం మీద సినిమా వచ్చింది. సినిమా మీలో చాలామంది చూసే ఉంటరు.

ఈ కథల నాకు పనికొచ్చినవి మూడున్నయి. ఒకటి, ఆయన యంత్రంతో మొదలుపెట్టలేదు, నొప్పితో మొదలుపెట్టారు. రెండు, నేత మొత్తాన్ని యంత్రానికి అప్పజెప్పలేదు. ఏ రంగు, ఏ డిజైన్, ఏ ముడి అనేది మనిషి దగ్గరే ఉన్నది. 9 వేల సార్లు తిరిగే ఆ ఒక్క కదలికనే యంత్రానికి ఇచ్చారు. మూడు, ఆ యంత్రం నేతన్న ఇంట్లనే ఉంటది. ఎక్కడో ఉన్న కంపెనీ ఒక రోజు దాన్ని ఆపేయలేదు.

మూడోది ఎందుకు ముఖ్యమో తెలవాలంటే ఇంకొంచెం వెనక్కు పోవాలె.

ఫ్రాన్స్‌ల జాకార్డ్ అనే ఆయన 1804లో రంధ్రాలు కొట్టిన అట్టముక్కలతో నడిచే మగ్గం తెచ్చారు. అట్టల రంధ్రం ఉంటే పోగు లేస్తది, లేకుంటే లేవదు. అట్టల వరుస మారిస్తే డిజైన్ మారుతది. అంటే చేసే పనిని ముందే రాసి పెట్టుకోవడం మగ్గం మీద వచ్చింది. 1880 అమెరికా జనాభా లెక్కలు చేతితో తేల్చేసరికి ఏడెనిమిదేళ్లు పట్టింది. అప్పుడు హెర్మన్ హోలరిత్ అనే ఇంజినీరు 1890 లెక్కలకు అట్లాంటి రంధ్రాల కార్డులనే వాడారు. ఒక మనిషికి ఒక కార్డు. ఆ కంపెనీ ఇంకొన్ని కంపెనీలతో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకున్నది. ఆ కార్డుల కాలంలో ఒకరు కొట్టిన కార్డును ఇంకొకరు మళ్లీ కొట్టి సరిచూసే వెరిఫయర్ అనే యంత్రం కూడా ఉండేది. రెండూ కలవకపోతే అది ఆగిపోతది. ఇది చదివినప్పుడు నాకు మా తమ్ముని ఖాతా నంబరే గుర్తొచ్చింది. నా లిస్టును రెండోసారి సరిచూసినోళ్లు లేరు.

కానీ మనుషుల్ని లెక్కల ఎక్కించే పని అందరికీ ఒకే తీరుగ ఉండదు. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 సవరణ తర్వాత అది మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. అక్కడ ఎరుకల వాళ్ల లాంటి తెగల పేర్లు రిజిస్టర్లకు ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు చెప్పించుకున్నారు. స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ ఆ కాలం నాటిదే. పుట్టిన కులమే నేరం, ఆ రిజిస్టరే సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో ఆ చట్టం రద్దయింది. ఈ రోజు మనకు స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు, రిజర్వేషన్ వచ్చేది కూడా ఒక జాబితా వల్లనే. జాబితా అన్నం పెడ్తది, అదే జాబితా సంకెళ్లు కూడా వేస్తది. అది ఎవరి చేతుల ఉన్నది, అండ్ల ఏం రాసిండ్రు, తప్పుంటే దిద్దే హక్కు ఎవరికున్నది అన్నదే అసలు విషయం. మన తాతలకు ఇది అనుభవం. ఫోన్‌ల లింకు వస్తే ఆధార్ నంబర్ కొట్టే ముందు మనం గుర్తు తెచ్చుకోవాలె.

ఇగ కంప్యూటర్ల కాలం. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విజికాల్క్ అనే ప్రోగ్రాం తెచ్చారు. అడ్డగీతలు, నిలువుగీతలు, ఒక గడిల అంకె మారిస్తే మొత్తం లెక్క దానంతట అదే మారుతది. ప్రోగ్రామింగ్ రానోళ్లు కూడా కంప్యూటర్‌తో లెక్కలు చేయించుకోవడం అట్ల మొదలైంది. ఈ రోజు నో-కోడ్ అని పెద్ద పేరుతో చెప్పేదానికి తాత అదే అని నా అభిప్రాయం. నో-కోడ్ అంటే కోడ్ రాయకుండా, ఉన్న ముక్కల్ని ఎంచుకుని, జోడించి పని చేయించుకునుడు. 2006లో గూగుల్ స్ప్రెడ్‌షీట్లు వచ్చినయి, 2008లో వాటికి ఫారాలు కలిసినయి. ఒక పని అయితే ఇంకో పని దానంతట అదే జరిగేటట్టు ముడిపెట్టే ఐఎఫ్‌టీటీటీ, జాపియర్ లాంటివి 2010 తర్వాత వచ్చినయి.

ఇండ్ల చాలావరకు మొదట్ల ఉచితమే అన్నరు. తర్వాత ఏమైందో చూడండి. యాహూ పైప్స్ 2007లో వచ్చింది, చాలామంది దాని మీద పనులు కట్టుకున్నరు, 2015లో మూసేసిండ్రు. గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ 2009లో వచ్చింది, 2019లో మూసేసిండ్రు. ఐఎఫ్‌టీటీటీ 2020లో ఉచితంగా వాడుకునేటోళ్లకు మూడే పనులని గీత గీసింది. వాళ్ల తప్పని అంటలేను, వాళ్లది వ్యాపారం. మనం మాత్రం ఉచితం అన్న మాటను రెండుగా విడదీసి చూడాలె. పైసలు అడగకుండా ఇచ్చేది ఒకటి. మన దగ్గరే ఉండి, ఎవరూ గుంజుకోలేనిది ఇంకొకటి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం రెండో దాని కోసమే. హైదరాబాద్‌ల అదే పని తెలుగుల చేసే సంస్థ పేరే స్వేచ్ఛ. 2010లో వచ్చిన లిబ్రేఆఫీస్ ఆ కోవదే. ఒకసారి కంప్యూటర్‌ల ఎక్కించుకుంటే నెట్ అక్కరలేదు, నెలనెలా కట్టుడు లేదు. ఆసు యంత్రం లెక్క ఇంట్లనే ఉంటది.

ఇదంతా చదివి మా హాస్టల్‌ల నేను, ఇంకో ఇద్దరు దోస్తులం కూసొని చేసిన పని చెప్తా.

మొదట కంప్యూటర్ ముట్టలేదు. ఒక వారం ఏ పని ఎన్నిసార్లు చేస్తున్నమో కాగితం మీద గీతలు పెట్టినం. ఎక్కువ గీతలు పడ్డవి రెండు: 96 పేర్ల లిస్టులు, శనివారం ఊరికి పోయేటోళ్ల లెక్క. మిగతావి వదిలేసినం.

లిస్టుల కోసం హాస్టల్‌ల ఉన్న పాత కంప్యూటర్‌ల లిబ్రేఆఫీస్ వేసి ఒకటే పెద్ద పట్టిక చేసినం. ప్రతి ఒక్కరూ వచ్చి వాళ్ల వరుస వాళ్లే కొట్టాలె. ఖాతా నంబర్ రెండు గడుల్ల రెండుసార్లు కొట్టాలె, రెండూ కలవకపోతే గడి ఎర్రగైతది. వెరిఫయర్ యంత్రం చేసిన పనే ఇది, పైసా ఖర్చు లేదు. ఒక దెబ్బ తిన్నం, మీరు తినొద్దు. నంబర్ ముందు సున్నా ఉంటే పట్టిక దాన్ని మింగేస్తది. 15 అంకెలు దాటితే చివరి అంకెల్ని సున్నాలు చేస్తది. అందుకని నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్ అని మార్చి పెట్టుకోవాలె. ఆ పట్టిక నుంచి ఆరు లిస్టులు, దరఖాస్తు కాగితాలు మెయిల్ మర్జ్‌తో వస్తయి. ఇది కొత్తదేం కాదు, 1980ల నుంచే ఆఫీసుల్ల వాడుతున్నరు. మనదాకా రావడానికే ఇన్నేండ్లు పట్టింది.

ఊరికి పోయేటోళ్ల లెక్కకు గూగుల్ ఫారం పెట్టినం. పేరు, రూము, ఏ పూట పోతున్నవ్, ఏ పూట వస్తవ్. అంతే. ఆధార్, ఖాతా నంబర్ అండ్ల అడగం. రేపు అది మూతపడ్డా మాకు పోయేది ఒక వారం లెక్కనే. వంటామెకు ఎంత బియ్యం నానబెట్టాలో శుక్రవారం రాత్రే తెలుస్తది. అన్నం పారబోసుడు తగ్గింది.

తండాల్ల, పెంటల్ల సర్వే చేసే దోస్తులకు ఒక మాట. సిగ్నల్ లేని చోట ఓడీకే అనేది చూడండి. 2008లో మొదలైంది, ఫోన్‌ల నెట్ లేకున్నా వివరాలు రాసుకుంటది, సిగ్నల్ దొరికినంక పంపుతది. నల్లమల చెంచు పెంటలకు పోయేటోళ్లకు అట్లాంటిదే కావాలె.

ఏ పనిముట్టు ఎంచుకున్నా మేం నాలుగు అడుగుతం. నొప్పి ఎక్కడున్నది? దీన్ని రేపు మూసేస్తే మన లిస్టు మన దగ్గర మిగుల్తదా? మన రహస్యం ఎవరి ఇంట్ల ఉంటది? నేను హాస్టల్ విడిచిపోతే జూనియర్ నడపగలుగుతడా? నాలుగోది చాలామంది మర్చిపోతరు. నాకొక్కనికే వచ్చే యంత్రం మళ్లీ నా చేతిరాత లెక్కనే అయితది. అందుకే అన్నీ ఒక నోటుబుక్కుల తెలుగుల రాసి పెట్టిన.

ఆ తమ్ముడు బ్యాగు విప్పుకున్నడు, రెండో ఏడు చదువుతున్నడు. ఈ ఏడు ఆ పట్టికను చూసుకునేది ఆయననే. మొన్న నేను ఎదురుంగ కూసుంటే, నా ఖాతా నంబర్ నాతోని రెండుసార్లు కొట్టించిండు. ఎర్రగ కాలే. ఇద్దరం నవ్వుకున్నం.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. మీ హాస్టల్‌ల, మీ తండాల, మీ గూడెంల చేసిందే మళ్లీ చేసి చేసి ఎవరి చేయి నొస్తున్నది? ఒక వారం గీతలు పెట్టి, ఇక్కడ రాయండి. యంత్రం సంగతి తర్వాత కలిసి చూద్దాం.