నక్షాకెక్కిన గుట్టలు

పటమనగా మొదట బట్టయే. బట్టమీద బొమ్మ వ్రాసిన పిదప ఆ బొమ్మయే పటమయ్యెను. గోడకు వ్రేలాడు దేవుని రూపమును పటమే, బడిలో మేకుకు తగిలించిన దేశరూపమును పటమే. అరవదేశమున ఈ మాటయే ‘పడమ్’ అయి సినిమాకు పేరయ్యెను గనుక, మదరాసు కోడంబాకమునుండి మూటాముల్లె సర్దుకొని హైదరాబాదునకు తరలివచ్చిన మన చలనచిత్రకారులు చాలకాలము ఆ అర్థములన్నిటిని నాలుకపై మోసికొని తిరిగిరి. వారు వచ్చి చేరిన తెలంగాణమునందు భూమి పటమును నక్షా యందురు. నక్షా అరబ్బీ మూలముగల మాట. చెక్కుట, చిత్రించుట దాని తొలి యర్థము. చేర్యాలలో బట్టపై కులపురాణములను చిత్రించు నకాశీలకు ఆ పేరు వచ్చినదియు ఆ ధాతువునుండియే. పటమన్నను నక్షాయన్నను, భూమిని కొలుచువాడును బొమ్మను వ్రాయువాడును ఒక్క మాట నీడనే నిలిచియున్నారన్నమాట. ఫిలింనగరును, దానికి వాయవ్యమున కొలది మైళ్ల దూరమున లోకములోని పటకర్తలు మాటిమాటికి వచ్చి కూడుచున్న సభామందిరమును ఒకే రాతినేలపై నుండుట కాకతాళీయమే కావచ్చును. కాని ఆ పటకర్తలు ఈ నగరమునకే వచ్చుట మాత్రము కాకతాళీయము కాదు.

పటకర్తల సభ యనగానే నేటివారికి చలువగదులును, మెడలో వ్రేలాడు పేరుచీటీలును, తెరపై క్షణమునకొక తీరుగ మారు బొమ్మలును స్ఫురించును. తెలుగునేలపై జరిగిన తొలి పటసభలు గుడారములలో జరిగినవి. పదునెనిమిదవ శతాబ్ది చివరి దశాబ్దమున నిజాము రాజ్యములో కుంఫిణీ సైన్యమువెంట తిరుగుచు దారులను, దుర్గములను, ఏరులను కొలిచి వ్రాసికొన్న కోలిన్ మెకంజీకి 1796 ప్రాంతమున ఏలూరి వాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య దొరకెను; దొరకెననుటకంటె మెకంజీకి చెవులును నోరును లభించెననుట న్యాయము. కొలత గొలుసు పట్టిన మనిషి చేను పొడవెంతయో చెప్పగలడు గాని, ఆ చేను ఏ దేవళపు మాన్యమో, ఆ చెఱువు ఎవరు త్రవ్వించినదో, ఊరి పేరున కేమి కారణమో చెప్పజాలడు. అందుకు కరణములను, అర్చకులను, ఊరి పెద్దలను కూర్చుండబెట్టుకొని, వారి వంకర మాటలలోని నిక్కమును ఏరుకొని వ్రాయగల తెలుగువాడు కావలెను. బొఱ్ఱయ్య చేసినది ఆ పనియే. 1803లో చిన్నవయసుననే అతడు గతించినను, తమ్ములు ఆ పనిని విడువలేదు. ఆ శ్రమనుండి పుట్టిన ఊరూరి వృత్తాంతములైన కైఫీయతులు నేటికిని మన గ్రామచరిత్రలకు ఆకరములై యున్నవి. మెకంజీ 1815లో భారతదేశమున కంతటికి మొట్టమొదటి సర్వేయరు జనరలయ్యెను. అతనికి దక్కిన పేరులో ఈ సోదరుల పాలెంతయో తూచి చెప్పిన వారరుదు.

ఆ తమ్ములలో రామస్వామి చేసిన పని యొకటి మనవారు మఱచిరి. అతడు ప్రాచీన దక్కనుదేశమునకు ఒక పటమును సిద్ధపఱచి, ఆ పటమును చదువువారికి తోడుగా నుండుటకై దక్కనులోని నగరములను, స్థలములను వర్ణించు గ్రంథమును 1828లో కలకత్తాలో ఇంగ్లీషున ప్రకటించెను. దొరల చేతిక్రింద పనిచేసిన తెలుగువాడు తన దేశపు పటమును తన పేరుతో లోకము ముందుంచుట ఆనాటికి అల్పకార్యము కాదు. అన్నదమ్ములలో బొఱ్ఱయ్యను తలచినంతగా రామస్వామిని తలపము. ఇది మన లోపమే.

మెకంజీ పద్ధతి ఊరినుండి ఊరికి నడచి వ్రాసికొనునది. దానితో పాటే త్రికోణములతో దేశమును కట్టు మఱియొక పద్ధతియు ఈ రాజ్యమునకు వచ్చెను. విలియం లాంబ్టను 1802 ఏప్రిల్ 10వ తేదీన మదరాసు చెంత తొలి ఆధారరేఖను కొలువ మొదలిడి, అరటన్ను బరువుగల థియోడలైటును కూలీలచే మోయించుచు గుట్టనుండి గుట్టకు, గోపురమునుండి గోపురమునకు చూపులు సంధించుచు ఉత్తరమునకు నడచి, 1815లో బీదరు దగ్గఱ మఱియొక ఆధారరేఖను కొలిచెను. ఆ తరువాత కొన్నేండ్లు హైదరాబాదే అతనికి నెలవు. 1818 చివర అతనికి సహాయకుడుగ జార్జి ఎవరెస్టు వచ్చి చేరినదియు ఇక్కడికే. వచ్చిన మఱుసటి యేడే అతనిని కృష్ణాగోదావరుల నడిమి అడవులలోనికి పంపిరి. వానలు వెలిసిన పిదప గాలి కడిగినట్లు తేటపడి, గుట్టపై గుట్ట దూరముగ కనబడు ఆ దినములే కొలతకు తగినవి. జ్వరము పుట్టునవియు ఆ దినములే. ఎవరెస్టును, అతని పరివారమును మంచములపై, డోలీలపై హైదరాబాదునకు మోసికొని రావలసి వచ్చెను; కొందఱు దారిలోనే మరణించిరి. దొర కోలుకొనుటకై 1820లో దక్షిణాఫ్రికా అగ్రమునకు వెళ్లెను, తిరిగి వచ్చెను, 1830లో సర్వేయరు జనరలయ్యెను, 1865లో లోకములోకెల్ల ఎత్తైన శిఖరమునకు అతని పేరే పెట్టిరి. జెండాకఱ్ఱలు మోసి, చెట్లుకొట్టి, చూపునకు దారి తీర్చిన ఖలాసీలలో ఎవని పేరును ఏ గుట్టకును పెట్టలేదు. లాంబ్టను హైదరాబాదును విడిచి నాగపురమునకు పోవుచు 1823 జనవరిలో హింగనఘాటున కన్నుమూసెను.

తరువాతి నూఱేండ్లలో పటము పొలములకు దిగి, గట్లకు హద్దురాళ్లు నాటించి, రైతు పెట్టెలోనికి, పొలపు కొలతల కాగితమగు టిప్పనై చేరెను. నగరమునకు మాత్రము నీరు వచ్చి బుద్ధిచెప్పవలసి వచ్చెను: 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్న పిదప, ఇంజనీరు విశ్వేశ్వరయ్య పిలువబడెను, గండిపేట ఆనకట్ట తలపెట్టబడెను, 1912 మొదలుకొని కొన్నేండ్లలో లెనార్డ్ మన్ అను అధికారి ఇల్లిల్లును గోడగోడను చూపు పటములను హైదరాబాదున కంతటికిని తయారుచేయించెను. ఆ పటములలోని బావులను, మసీదులను, తోటలను చూచుచు పొద్దుపుచ్చు చరిత్రకారులు నేడును కలరు.

ఊరు ముందు పుట్టి పటము తరువాత పుట్టుట లోకరీతి. జూబ్లీహిల్సు విషయమున ఈ వరుస తిరుగబడెను. 1960ల వఱకు ఇవి ముళ్లపొదలును బండలును తప్ప మఱేమియు లేని గుట్టలు. నక్కలు కూయు చోటున ఇల్లు కట్టుటయా యని నగరవాసులు నవ్వుచుండగా, చల్లగళ్ల నరసింహారెడ్డి సహకార గృహనిర్మాణ సంఘమును నెలకొల్పి, కాగితముపై వీధులు గీయించి, వాటికి పేర్లకు మాఱుగ అంకెలు వేయించి, ఆ కాగితమును నమ్ముడని జనమును వేడెను. గుట్టలు ఎవరి మాటయు వినవు గనుక, వీధులు బండల చుట్టు మెలికలు తిరిగినవి. ఒక అంకె పక్కన దాని తరువాతి అంకెయే యుండునను విశ్వాసముతో బయలుదేరిన క్రొత్తవాడు గుట్టచుట్టు ప్రదక్షిణము చేసి బయలుదేరిన చోటికే చేరుట నేటికిని కలదు. అందువలననే ఇక్కడివారు దారి చెప్పవలసి వచ్చినప్పుడు అంకెలను నమ్ముకొనరు. పెద్దమ్మ గుడి యందురు, చెక్‌పోస్టు యందురు, ఫలానా స్టూడియో గేటు యందురు.

స్టూడియోలును అట్లే వచ్చినవి. 1956లో అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసినను పరిశ్రమ మదరాసును విడువలేదు. 1970ల మధ్య అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్సు బండలను పగులగొట్టించి అన్నపూర్ణను నిలిపెను. 1980లలో సర్కారు ఇచ్చిన నేలపై ఫిలింనగరు కాలనీ యేర్పడి, పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు దాని చుట్టుపట్లను వెలుగునకు తెచ్చినవి. ఇక్కడ ఒక సంగతి చూడదగినది. కళాదర్శకుడు కాగితముపై ఒక పల్లెకు నక్షా గీయును. రచ్చబండ యెక్కడ, బావి యెక్కడ, కథానాయిక యింటి అరుగునుండి చూచిన గుడి కనబడునా లేదా యని లెక్కించును. వడ్రంగులు ఆ నక్షా ప్రకారము పల్లెను కట్టుదురు. నెల తిరుగకుండ దానిని విప్పివేయుదురు. సర్వేయరు ఉన్న పల్లెకు నక్షా గీయగా ఇతడు నక్షాకు పల్లెను గీయును. ఇద్దఱి పనికిని పేరొక్కటియే గాని, తప్పు చేసిన యెడల సర్వేయరు తప్పునకు రెండు తరముల దాయాదులు కోర్టు మెట్లెక్కుదురు.

స్వాతంత్ర్యానంతరము హైదరాబాదు పటవిద్యకు పీఠమైన తీరు సంక్షేపముగ చెప్పవచ్చును. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా తన రెండువందలవ యేట, 1967లో, ఇక్కడి ఉప్పలులో శిక్షణకును పటముద్రణకును కేంద్రమును నెలకొల్పెను. 1974లో జాతీయ దూరసంవేదన సంస్థ సికింద్రాబాదులో పుట్టి, బాలానగరునకు చేరి, షాద్‌నగరున ఉపగ్రహములు పంపు బొమ్మలను అందుకొను చెవులను పెట్టుకొనెను. 1988 మార్చి 17న మన తొలి దూరసంవేదన ఉపగ్రహము ఐఆర్ఎస్-1ఎ ఎగిరిన పిదప భూమి తన పటమును తానే పై నుండి వ్రాసి పంపినట్లయ్యెను. ఈ రెండింటి నడుమ, 1979లో, పటకర్తలు తమకొక సంఘము కావలెనని తలచి భారత జాతీయ కార్టోగ్రాఫిక్ అసోసియేషనును హైదరాబాదు కేంద్రముగనే స్థాపించిరి. అది యేటేట ఒక నగరమున మహాసభ జరుపుచు, పాతకాలపు చిత్తుగీతల వారిని, కంప్యూటరు కుఱ్ఱలను, భూగోళ అధ్యాపకులను, సైనికులను ఒకచోట కూర్చుండబెట్టెను. మన దేశమున పటము చిరకాలము రహస్యపత్రమై, సరిహద్దుల పటము కావలెనన్న అర్జీలు ముద్రలు దాటవలసి యుండెడి దినములలో, పటమును గూర్చి బహిరంగముగ వాదించుకొనుటకు ఒక వేదిక యుండుటయే విశేషము.

2005 పటవిధానము దేశరక్షణకొకటియు జనసామాన్యమునకొకటియుగ పటములను రెండు శ్రేణులు చేసి ఆ తలుపును ఓరగ తెఱచెను. మఱుసటి యేడు మాదాపూరు చెంత అంతర్జాతీయ సమావేశ మందిరము తెఱువబడెను. ఈ రెండును కూడుటతో పటసభలు వరుసగ ఈ దిక్కునకు తిరిగినవి. 2007 జనవరిలో మ్యాప్ వరల్డ్ ఫోరం, ఆ యేడే సెప్టెంబరులో అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ. 2009లో మరల మ్యాప్ వరల్డ్ ఫోరం. 2011లోను, 2017లోను జియోస్పేషియల్ వరల్డ్ ఫోరం. 2014 డిసెంబరులో ఛాయాచిత్రమితి, దూరసంవేదనముల అంతర్జాతీయ సంఘమువారి విద్వద్గోష్ఠి. వీటన్నిటికిని శిఖరమనదగినది 2022 అక్టోబరు 10 మొదలు 14 వఱకు ఐక్యరాజ్యసమితి పక్షమున జరిగిన రెండవ ప్రపంచ భూస్థానిక సమాచార మహాసభ. మొదటిది 2018లో చీనాలోని డెచింగున జరిగెను. ఈ మహాసభకు రెండేండ్లు ముందే దుర్గము చెఱువుపై తీగల వంతెన పడి జూబ్లీహిల్సు 45వ నంబరు రోడ్డును మాదాపూరుతో కలిపియుండుటచే, అంకెల వీధులనుండి పటముల సభకు గుట్టచుట్టు తిరుగు పని తప్పెను.

ఆ మహాసభకు పెట్టుకొన్న సంకల్పవాక్యము లోకమంతయు ఒక పల్లెయనియు, ఆ పల్లెలో ఎవ్వరును వెనుకబడి పోరాదనియు. సంకల్పము మంచిదే. కాని ఇట్టి సభ యొకదానిలో, దాని పేరిచ్చట అప్రస్తుతము, ప్రదర్శనశాలలో నేను ఒక పూట తిరిగితిని. డ్రోనులను, లేజరు యంత్రములను, ఒక్క వ్రేలిమోపుతో లేచి నిలుచు నగరములను చూచితిని. చివరకు ఒక యువకుని సమీపించి, ఈ గుట్టల పటము తెలుగులో నున్నదా యని అడిగితిని. అతడు మర్యాదగా నవ్వి, ఇంగ్లీషు అక్షరములలో తప్పుగా వ్రాసిన తెలుగు ఊరి పేరొకటి చూపెను. ఊరి పేరు తప్పిన పటము ఎంత సూక్ష్మముగ కొలిచినను తప్పుపటమే. బొఱ్ఱయ్య యున్నచో ఆ పేరును కరణమువద్ద కూర్చుండి సరిదిద్దియుండెడివాడు. సభలకు తెలుగువారు కొఱవడలేదు; వారిలో ఉత్తమ శాస్త్రజ్ఞులును, అధికారులును కలరు; కొఱవడినది తెలుగు మాట, కొఱవడినవాడు గొలుసు పట్టినవాడు. వేదికపై టిప్పనును చదువ నేర్చిన గ్రామ సర్వేయరు నొక్కని కూర్చుండబెట్టిన యెడల, పదిమంది ఉపన్యాసకులు చెప్పలేని సంగతులు అతడు అరగంటలో చెప్పగలడని నా నమ్మకము.

2021 ఫిబ్రవరిలో కేంద్రము పటముల విషయమున మన దేశపు సంస్థలకు ముందస్తు అనుమతుల నిర్బంధమును తొలగించెను. ఆ మఱుసటి యేటి చివర జాతీయ భూస్థానిక విధానమును ప్రకటించెను. ఇక దాచవలసినవి తక్కువ, పోగొట్టుకొనునవి ఎక్కువ. జూబ్లీహిల్సులో తొలి స్థలములు కొన్నవారి యిండ్లలో, ఫిలింనగరునకు మొదట వచ్చినవారి బీరువాలలో, నీలిరంగు లేఔటు కాగితములు, సెట్లకై గీసిన నక్షాలు, హద్దురాళ్ల కొలతలు వ్రాసిన చీటీలు ఇంకను పడియుండును. ఇండ్లు పడగొట్టి మేడలు లేపుచున్న ఈ దినములలో అవి చెత్తబండి కెక్కుట కంతసేపు పట్టదు. చదువరులలో ఎవరియొద్దనైన అట్టివి యున్నచో, మడతల వద్ద చిరుగకుండ చదునుగా పఱచి, తడి తగులని చోట నుంచి, ఏ గుట్టకు ఏ పేరుండెడిదో పెద్దవారి నడిగి వెనుకవైపున పెన్సిలుతో తెలుగున వ్రాయుడు.