బ్లాంక్, డమ్మీ, కోల్డ్ గన్: చిత్రీకరణ స్థలంలో తుపాకి – మాట, పరీక్ష, బాధ్యత

ఉపోద్ఘాతం:

సినిమాలో కాల్పులు నటన. తుపాకి మాత్రం చాలా సందర్భాలలో నిజమైనదే. ఈ రెంటి మధ్య హద్దును కాపాడడానికి అమెరికా చిత్రపరిశ్రమలో కొన్ని పారిభాషిక పదాలు స్థిరపడ్డాయి. మందు ఉండి గుండు లేని తూటా ‘బ్లాంక్’. గుండు కనిపిస్తూ మందు లేని తూటా ‘డమ్మీ’. పేలే తూటా ఏదీ లేని తుపాకి ‘కోల్డ్ గన్’. 1984, 1993, 2021 సంవత్సరాలలో సంభవించిన మూడు మరణాలను వరుసగా పరిశీలిస్తే, ప్రతిసారీ ఈ పేర్లలో ఒకదానిపై ఉంచిన నమ్మకం వస్తువును పరీక్షించే పనిని పక్కకు నెట్టిందని తెలుస్తుంది. ఆ క్రమాన్ని వివరించి, బాధ్యత అనే భావన ఏ విధంగా మారిందో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

బ్లాంక్ – 1984:

‘కవర్ అప్’ అనే టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణలో 1984 అక్టోబరు 12న నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్, విరామ సమయంలో, బ్లాంక్ ఉన్న రివాల్వర్‌ను కణతకు ఆనించుకొని పరిహాసంగా మీట నొక్కాడు. బ్లాంక్‌లో గుండు లేకపోయినా మందు ఉంటుంది. అది పేలినప్పుడు వెలువడిన ఒత్తిడికి పుర్రె ఎముక విరిగి మెదడులోకి చొచ్చుకొనిపోయింది. అక్టోబరు 18న అతడు మరణించినట్లు ప్రకటించారు. అప్పటికి అతని వయస్సు 26 సంవత్సరాలు. ‘ఖాళీ’ అని అర్థమిచ్చే పేరు, దగ్గరి దూరంలో ఆ తూటాకున్న శక్తిని మరుగుపరచింది. ఆ మరణం ప్రమాదంగానే నమోదైంది.

డమ్మీ – 1993:

‘ది క్రో’ చిత్రీకరణ ఉత్తర కరోలినాలోని విల్మింగ్టన్‌లో జరుగుతుండగా 1993 మార్చి 31న బ్రాండన్ లీ మరణించాడు. అతడు ప్రసిద్ధ నటుడు బ్రూస్ లీ కుమారుడు, వయస్సు 28. అంతకుముందు ఒక సమీప దృశ్యం కోసం అసలు తూటాల నుండి మందు తొలగించి డమ్మీలు తయారుచేశారు. అయితే తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ మిగిలిపోయింది. అది పేలినప్పుడు గుండు కొంత ముందుకు జరిగి తుపాకి గొట్టంలో ఇరుక్కొంది. దానిని ఎవరూ గమనించలేదు. తరువాతి దృశ్యం కోసం అదే తుపాకిలో బ్లాంక్ నింపారు. బ్లాంక్‌లోని మందు ఇరుక్కొన్న గుండును బయటికి నెట్టింది. డమ్మీ వల్ల గాని, బ్లాంక్ వల్ల గాని విడివిడిగా జరగని కీడు రెండూ కలవడం వల్ల జరిగింది. రెండు దృశ్యాల మధ్య గొట్టంలోకి ఒకసారి తొంగిచూసి ఉంటే ఆ గుండు కనిపించేది. ఈ ఘటనలో ఎవరిపైనా క్రిమినల్ అభియోగాలు మోపలేదు.

కోల్డ్ గన్ – 2021:

2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలోని బొనాంజా క్రీక్ రాంచ్‌లో ‘రస్ట్’ చిత్రానికి సన్నాహం జరుగుతుండగా, అలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వర్ పేలింది. యుక్రెయిన్‌లో జన్మించిన ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించింది; దర్శకుడు జోయెల్ సౌజా గాయపడ్డాడు. డమ్మీలు మాత్రమే ఉండవలసిన తుపాకిలో అసలు తూటా ఉంది. అయినా అది ‘కోల్డ్ గన్’ అని సహాయ దర్శకుడు ప్రకటించాడు. అన్ని తూటాలనూ తాను పరీక్షించలేదని అతడే తరువాత విచారణాధికారులకు తెలిపాడు.

ప్రతి తుపాకినీ నిండినదిగానే భావించాలని, చిత్రీకరణ స్థలానికి అసలు తూటాలు తేరాదని పరిశ్రమ భద్రతా నియమావళి అప్పటికే విధించింది. కనుక నియమం లేకపోవడం కాదు, నియమాన్ని పాటించకపోవడమే ఇక్కడ లోపం. అంతకుముందు అదే చిత్రీకరణలో తుపాకులు అనుకోకుండా పేలినా యాజమాన్యం దిద్దుబాటు చర్య తీసుకోలేదని రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం నిర్ధారించి, 2022 ఏప్రిల్‌లో 1,36,793 డాలర్ల జరిమానా విధించింది. ఆయుధాల పర్యవేక్షకురాలికే ఇతర సామగ్రి పనులు కూడా అప్పగించడం వల్ల ఆమె అసలు విధికి తగిన సమయం దక్కలేదని కూడా ఆ విచారణ పేర్కొంది.

ఈసారి న్యాయస్థానం ముందు బాధ్యత వ్యక్తుల పరంగా విడిపోయింది. సహాయ దర్శకుడు 2023లో అభియోగాన్ని ప్రతిఘటించకుండా శిక్షకు అంగీకరించాడు. ఆయుధాల పర్యవేక్షకురాలికి 2024 ఏప్రిల్‌లో 18 నెలల కారాగారశిక్ష పడింది. బాల్డ్విన్‌పై అభియోగాన్ని మాత్రం, ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని డిఫెన్సుకు అందించలేదన్న కారణంతో 2024 జూలైలో న్యాయమూర్తి కొట్టివేశారు. అందువల్ల, తుపాకి పట్టిన నటుడు తానుగా పరీక్షించాలా, చెప్పిన మాటను నమ్మితే చాలునా అన్న ప్రశ్న జ్యూరీ తీర్పు దాకా చేరలేదు.

ముగింపు:

నైయాయికులు శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరించారు; కాని అది ఆప్తుని వాక్యమై ఉండాలన్నారు. విషయాన్ని యథార్థంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పేవాడే ఆప్తుడు. తూటాలన్నింటినీ చూడకుండా పలికిన ‘కోల్డ్ గన్’ అనే మాటకు ఆ లక్షణం లేదు. ఆ మాట ఒక చేతి నుండి మరొక చేతికి తుపాకితో పాటు సాగింది. పరీక్ష మాత్రం సాగలేదు. 1984లో ప్రమాదమన్న మాటతో ముగిసిన బాధ్యత 2024 నాటికి శిక్ష దాకా వచ్చింది. అయితే శిక్ష మరణం తరువాతనే వస్తుంది. తుపాకి చేతులు మారిన ప్రతిసారీ, ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ కలిసి దానిని తెరచి చూడడమే మాటకు ప్రామాణ్యాన్ని ఇస్తుంది.