సముద్రం పాలైన నీళ్ళు వృథాయేనా?

కోనసీమకి గౌతమి అవతలి గట్టున, తాళ్ళరేవు దగ్గర కోరంగి అనే ఊరుంది. ఇప్పుడు ఆ పేరు చెబితే మడ అడవీ, పడవ షికారూ గుర్తొస్తాయి గానీ, రెండొందల ఏళ్ళ క్రితం అది ఓడలు కట్టిన ఊరు, పేరుమోసిన రేవు. బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారంటే ఆ రేవు చలవే.

మరి రేవు ఏమైంది? తుఫాన్లు మింగేశాయంటారు. నిజమే, 1789లోనూ 1839లోనూ ఉప్పెన ఊరి మీద పడింది. 1789 ఉప్పెన గురించి రాసిన హెన్రీ పిడింగ్టనే 'సైక్లోన్' అన్న మాటని లోకానికిచ్చాడు. కానీ తుఫాను వెళ్ళిపోయాక ఊరు మళ్ళీ లేవచ్చు. గోదావరి ఏటా తెచ్చి పోసే ఒండ్రుతో మాత్రం ఓడలు నెగ్గలేవు. కాలవ మేటపడింది, వ్యాపారం కాకినాడకి పోయింది.

ఓడలకి పనికిరాని ఆ బురదే మడచెట్టుకి పుట్టిల్లు. మడ వేళ్ళు ఊపిరి కోసం బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి, ఎక్కువైన ఉప్పుని ఆకులు బయటికి కక్కేస్తాయి. ఉప్పుపొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వీటన్నిటినీ కలిపి 1978లో సుమారు 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం చేశారు. ఈ అడవి వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి, అలల జోరు తగ్గిస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరితోటలు కూలిపోవడం చూసిన కోనసీమకి ఆ విలువ వేరే చెప్పక్కర్లేదు.

సరే, చట్టం గొడ్డలిని ఆపుతుంది. ఒండ్రుని తెప్పించగలదా? 1970లలో గోదావరి ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990లకి అది 6 కోట్ల లోపుకి పడిపోయింది. మిగతాది ఎక్కువగా ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది. ఇక్కడేమో తీరం కోసుకుపోతోంది.

ఆనకట్టలు వద్దనడం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకపోతే కోనసీమలో ఇంత పచ్చదనం ఎక్కడిది? నా గొడవంతా ఒక్క మాటతోనే. వరదొచ్చినప్పుడల్లా "ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు" అని లెక్కలు రాస్తారు చూడండి, ఆ 'వృథా'తో. కోనసీమ నేలంతా అలా సముద్రం దాకా వెళ్ళిన నీళ్ళు దించిపోయిన మట్టే కదా!